మూడో పేరాలోని సర్వే నంబరు

పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకు తెలుగు చెప్తున్నాను. ప్రతి పాఠం చివర ఒక ప్రశ్న ఉంటుంది: రచయిత ఈ పాఠాన్ని ఎందుకు రాశాడు? దానికి జవాబు నేను బోర్డు మీద రాసేదాన్ని, పిల్లలు నోటుబుక్కుల్లో ఎక్కించుకునేవారు. మానవతా విలువలు పెంపొందించడానికి రాశాడు, లేకపోతే సమాజాన్ని మేల్కొల్పడానికి రాశాడు. ఈ రెండిట్లో ఒకటి దాదాపు ఏ పాఠానికైనా సరిపోయేది, మార్కులూ పడేవి. ఒక ఏడు ఒక అమ్మాయి 'ఆ సంగతి మనసులో దాచుకోలేక రాసి ఉంటాడు' అని రాస్తే సగం మార్కులు కోసేశాను. గైడులో లేదు కదా మరి. ఒక మనిషి కూర్చుని కాగితం మీద కలం ఎందుకు పెడతాడన్నది నేనెన్నడూ నిజంగా ఆలోచించలేదు. అది నాకు నేర్పింది అక్షరం రాని మా అమ్మ. చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

మా ఊరు పాలకీడు వైపు ఉంటుంది. నేను చదువుకున్న హైస్కూల్లోనే నాకు పోస్టింగు వచ్చింది. నేను మిర్యాలగూడలో కిరాయి ఇంట్లో ఉంటూ రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. అమ్మ ఊర్లోనే, మా వాడలో, చర్చికి రెండిళ్ళవతల ఉంటుంది. ఇప్పుడు డెబ్బై దాటాయి. మొన్నమొన్నటి దాకా నాట్లకు పోయింది, మోకాళ్ళు మొరాయిస్తే మానేసింది.

బడి పెట్టి యాభై ఏళ్ళవుతున్నదని ఊరంతా కలిసి పండుగ చేయాలనుకున్నారు. పాత విద్యార్థులతో కమిటీ వేశారు. పండుగనాడు ఒక ప్రత్యేక సంచిక తేవాలని, పాతవాళ్ళ దగ్గర జ్ఞాపకాలు రాయించాలని తీర్మానించారు. తెలుగు టీచర్ను కాబట్టి ప్రూఫులు దిద్దే పని నాకిచ్చారు. సంచిక అచ్చు వేయించే బాధ్యత తీసుకున్నది మా ఊరి పెద్ద రైతు కుటుంబంలో పెద్దకొడుకు. బడి మొదటి బ్యాచ్ ఆయనది. మిర్యాలగూడలో రైసుమిల్లు ఉంది, రాజకీయాల్లోనూ తిరుగుతారు. నేను సార్ అంటాను. అమ్మ ఆయన నాయననూ పటేలనే పిలిచింది, ఆయననూ పటేలనే పిలుస్తుంది.

ఆయన రాసిన వ్యాసమే సంచికలో మొదటిది. నాలుగు పేజీలు. చదువుతూ చదువుతూ నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబద్ధం చెప్పను. రేకుల షెడ్డులో ఎండాకాలం క్లాసులు, వాన పడితే రేకుల చప్పుడుకు పంతులు గొంతు వినపడక అందరినీ ఊరికే కూర్చోబెట్టడం, తన టిఫిన్ గిన్నెలోంచి సగం తీసి ఆకలితో వచ్చిన పిల్లలకు పెట్టిన లెక్కల సారు, మొదటిసారి ఎస్సెస్సీ ఫలితాల పేపరు ఊరికి వచ్చిన రోజు. ఆయనకు ఇంత బాగా రాయడం వచ్చని నాకు తెలియదు. ఆ సాయంత్రమే ఫోను చేసి చెప్పాను. ఆయన సంతోషపడ్డారు. నువ్వు మా బడి బిడ్డవు, నీకు గాక ఎవరికి అర్థమైతది అన్నారు. ఆ మాటకు నేను పొంగిపోయాను కూడా.

ఆ ఆదివారం ప్రార్థన అయిపోయాక ప్రూఫు కాగితాలు పట్టుకుని అమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె రోజులనాటి సంగతులు కదా, వింటే సంబరపడుతుందని చదివి వినిపించాను. అమ్మ చింతపండు గింజలు తీస్తూ వింటున్నది. రేకుల షెడ్డు దగ్గర నవ్వింది. లెక్కల సారు పేరు తనే అందించింది. మూడో పేరాలో ఒక వాక్యం దగ్గర చెయ్యి ఆపింది.

"మల్ల సదువు," అన్నది.

చదివాను. "ఊరికి ఉత్తరాన, సర్వే నంబరు ఫలానాలో, తూర్పున బండ్ల బాట, పడమర వాగు హద్దులుగా గల మా మూడెకరాల పన్నెండు గుంటల స్థలాన్ని మా నాయన బడి పిల్లలు ఆడుకోవడానికి వాడుకోమని ఇచ్చారు."

"ఇచ్చిండా, వాడుకోమన్నడా?"

"వాడుకోమని ఇచ్చారు అని రాసిండమ్మా."

అమ్మ చింతపండు పక్కన పెట్టింది. "పన్నెండేండ్ల పోరడు ఆడుకున్న జాగ గురించి రాస్తే పల్లేరుకాయలు గుచ్చుకున్నయని రాస్తడు, మోకాళ్ళు పగిలినయని రాస్తడు. హద్దులు ఎవడు రాస్తడు బిడ్డా? గా నంబరు కోసమే మిగిలిందంతా రాసిండు. నువ్వేమో ఏడుస్తున్నవు."

నాకు రైలులో నిద్రపోయి దిగాల్సిన ఊరు దాటిపోయినట్టు అనిపించింది. ఆ వాక్యాన్ని నేను అప్పటికి రెండుసార్లు దిద్దాను. 'గుంటల' అన్న మాటలో సున్న ఎగిరిపోతే పెట్టాను కూడా.

అప్పుడు అమ్మ చెప్పింది. ఆ జాగ ఎవరిదీ కాదు, బంచరాయి. అంటే సర్కారు బీడు. అంతా రాళ్ళు, తుమ్మకంపలు. హైస్కూలు కావాలని ఊరివాళ్ళు అడిగితే, ముందు పిల్లలకు చదునైన స్థలం చూపించండని ఎవరో ఆఫీసరు అన్నాడట. అప్పటికి ఏడో తరగతి దాటితే మా వాడ పిల్లలు చదువు మానేయడమే. పైచదువుకు వేరే ఊరికి పోవాలి, పంపే స్తోమత లేదు. అందుకని మా వాడవాళ్ళే దిగారు. వారమంతా పొలాల్లో కూలి పని ఉంటుంది కాబట్టి ఆదివారాలు పెట్టుకున్నారు. ప్రార్థన అయిపోగానే గంపలు, గడ్డపారలు తీసుకుని పోయేవారట. ఒక ఎండాకాలమంతా అదే పని. మా అక్క అప్పుడు అమ్మ కడుపులో ఉంది.

పటేలోళ్ళు ఏమీ ఇవ్వలేదా అని అడిగాను.

"రాళ్ళు మొయ్య రెండు బండ్లిచ్చిన్రు. బడికి టేకు దర్వాజలిచ్చిన్రు. అబద్ధమెందుకు ఆడాలె," అన్నది అమ్మ. "జాగ మాత్రం ఇయ్యలే. లేనిదెట్ల ఇస్తరు."

మరునాడు బడికి పోయి ఆ స్థలం చుట్టూ తిరిగాను. నేను చదువుకునేటప్పుడు అది ఊరి చివర. ఇప్పుడు దామరచర్ల వైపు పోయే లారీలన్నీ ఆ పక్క రోడ్డు మీదనే పోతాయి. రోడ్డు వెడల్పు చేశారు. అవతలివైపు ప్లాట్లు కొట్టి రంగు వేసిన హద్దురాళ్ళు పాతారు. బండ్ల బాట అని ఆయన రాసింది ఆ రోడ్డునే.

హెడ్మాస్టరు గారి గదికి పోయి ఆ వాక్యం చూపించాను. ఆయన చెడ్డ మనిషి కాదు. రిటైరు కావడానికి ఏడాదిన్నర ఉంది, గొడవలు లేకుండా పోవాలని చూస్తున్న మనిషి. కాగితం అటూ ఇటూ తిప్పి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించారు.

"మీరు తప్పులు దిద్దండి మేడం. ఉద్దేశాలు దిద్దకండి."

బయటికి వచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. ఉద్దేశం ఉందని ఆయనకూ తెలుసన్నమాట.

అయినా నాకొక అనుమానం మిగిలింది. అమ్మ పొరపడిందేమో, ఆయన మామూలుగానే రాశారేమో, వాళ్ళ ఇంట్లో అట్లా చెప్పుకుంటారేమో. మనిషి ఎదురుగా లేనప్పుడు ఆయన మనసు గురించి తీర్పు చెప్పడం నాకు నచ్చలేదు. అందుకని ఒక శనివారం మధ్యాహ్నం మిర్యాలగూడలో వాళ్ళింటికి వెళ్ళాను. హాల్లో కూర్చోబెట్టి పింగాణీ కప్పులో టీ ఇచ్చారు. ఊర్లో ఉన్న వీళ్ళ ఇంటి గడప దాటి మా అమ్మ ఎన్నడూ లోపలికి పోలేదు. ఆ టీ తాగుతూ నాకు అది గుర్తొచ్చింది.

వ్యాసం పెద్దదైందని, పేజీలు సరిపోవడం లేదని, కొంత తగ్గించాలని చెప్పాను. అది నిజం కాదు. ఆయన ఏం వదులుకుంటారో, ఏం పట్టుకుంటారో చూడాలనుకున్నాను. ఆయన ఏమాత్రం వెనకాడలేదు. రేకుల షెడ్డు తీసెయ్ అన్నారు. ఫలితాల రోజు తీసెయ్ అన్నారు. లెక్కల సారు టిఫిన్ గిన్నె ఉంచుదామా అని నేనే అడిగితే, అది కూడా తీసెయ్, తెలుగు పంతులమ్మవు, నీ ఇష్టమన్నారు. నన్ను ఏడిపించిన మాటలన్నీ ఒక్కొక్కటిగా ఇట్టే ఇచ్చేశారు.

"ఇవన్నీ ఎందుకు సార్," అన్నాను. "మూడో పేరాల నంబరు, హద్దులు తీస్తే చాలు. సరిపోతది."

ఆయన కప్పు కింద పెట్టారు. "అది ఉండాలె."

"చదివేటోళ్ళకు దాంతోని ఏం పని సార్?"

"రికార్డుకు ఉంటది బిడ్డా."

రికార్డు అన్న మాట ఆయన నోటి నుంచే వచ్చింది. ఇక నేను దాచుకోలేదు. ఆ జాగ సర్కారు బీడని, మా వాళ్ళు ఆదివారాలు పని చేసి చదును చేశారని, అందులో మా అమ్మ ఉందని చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. నా వైపు జాలిగా చూశారు.

"టెన్తుల నువ్వు ఫస్టొస్తే నా చేతుల మీదనే పుస్తకాలిచ్చిన. యాదున్నదా?"

"ఉన్నది సార్."

"మరి?"

"ఆ పుస్తకాలు చదివే సార్, ఇది చదువుడొచ్చింది."

లేచి నమస్కారం పెట్టి వచ్చేశాను. ఇంటి దాకా నడిచే పోయాను. పద్దెనిమిదేళ్ళు పిల్లలకు చెప్పిన పాఠం నాకు ఆ రోజు అర్థమైంది. రాసినవాడు ఏ వాక్యాన్ని వదులుకోడో ఆ వాక్యం కోసమే రాస్తాడు.

తర్వాతి వారం సెలవు పెట్టి మండల ఆఫీసుకు పోయాను. పాత పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో రాసుండే సర్కారు పుస్తకం, నకలు కావాలని దరఖాస్తు చేశాను. మూడుసార్లు తిరిగితే దొరికింది. ఆ నంబరు ఎదుట సర్కారు అని, బంచరాయి అని వంకర అక్షరాల్లో స్పష్టంగా ఉంది. నకలు ఇచ్చిన గుమాస్తా నన్నొక మాట అడిగాడు. ఈ నంబరు మీద ఇప్పటికే ఒక దరఖాస్తు ఉంది, మీరూ వాళ్ళ మనుషులేనా అని. ఎవరిదని అడిగితే సార్ కొడుకు పేరు చెప్పాడు. ఆ భూమి తమ పట్టా అని, బడికి వాడుకోవడానికి మాత్రమే ఇచ్చామని, ఆధారాలు త్వరలో జతచేస్తామని అందులో రాసి ఉందట. ఇక నాకు ఏ అనుమానమూ మిగల్లేదు. బడి పేరు మీదే అచ్చయిన పుస్తకం, హెడ్మాస్టరు ముందుమాటతో, ఊరంతా కూర్చున్న సభలో ఆవిష్కరించింది. అంతకంటే మంచి ఆధారం ఎక్కడ దొరుకుతుంది?

అమ్మను, ఆమెతో పాటు రాళ్ళు మోసిన ఇంకో ముగ్గురు ముసలమ్మలను తీసుకుని సోమవారం సూర్యాపేట వెళ్ళాను. కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజది. పొద్దున్నుంచి వరుసలో నిలబడ్డాం. నలుగురిలో ఒకావిడ అంతకు ముందు సూర్యాపేటకు దవాఖాన కోసం తప్ప రాలేదు. ఆ స్థలం బడికే ఉంచాలన్న మా అర్జీ తీసుకుని రశీదు ఇచ్చారు. ఆ రశీదు అమ్మ మడిచి జాకెట్లో పెట్టుకుంది, నాకివ్వలేదు.

సంచికకు నేను కూడా ఒక పేజీ రాశాను. రాశాననడం కంటే అమ్మ చెప్తుంటే దించాననడం సరి. ఆ ఎండాకాలం ఎవరెవరు పని చేశారో ఇంటింటి వరసన చెప్పింది. ఇరవై మూడు పేర్లు వచ్చాయి. టేకు దర్వాజలు, రెండు బండ్లు ఎవరిచ్చారో కూడా రాశాను. హెడ్మాస్టరు గారు ఆ పేజీ చదివి, బాగుంది మేడం అని, సంచికలో మాత్రం వేయలేనన్నారు. అయితే మిగతా ప్రూఫులు నేను దిద్దనని చెప్పి కట్ట మొత్తం ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను.

మిర్యాలగూడలో టైపు చేయించబోతే, తెలిసిన దుకాణం అతనే రెండుసార్లు రేపు రమ్మన్నాడు. మూడోసారి అడగకుండా కోదాడ పోయాను. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి కొట్టడం పూర్తి చేసి, "ఈ పేర్లవాళ్ళంతా మీ వాళ్ళేనాండీ? ఎంతమంది ఉన్నారు ఇంకా?" అని అడిగింది. పదకొండు మంది అన్నాను. ఆమె పేర్ల అక్షరాలు కొంచెం పెద్దవి చేసింది. మూడు వందల కాపీలు తీయించాను.

పండుగ రోజు ఇస్త్రీ చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. పక్కన కుర్చీ వేసి అమ్మను కూర్చోబెట్టాను. లోపలికి పోయే ప్రతి ఒక్కరి చేతిలో ఒక కాగితం పెట్టాను. కొందరు తోటి టీచర్లు నన్ను చూడనట్టు పోయారు. లెక్కల టీచరు మాత్రం ఆగి, నా చేతిలోంచి ఒక కట్ట తీసుకుని, వెనక గేటు వైపు వెళ్ళి పంచింది. సభ మొదలయ్యేసరికి సంచికలు ఇంకా కట్టలు విప్పనేలేదు, నా కాగితం మాత్రం వరసలన్నిట్లో ఉంది. పేర్లలో తమవాళ్ళు కనపడినవాళ్ళు వేలు పెట్టి పక్కవాళ్ళకు చూపిస్తున్నారు. ఒక ముసలాయన తన పేరు చదివించుకుని, మళ్ళీ ఇంకొకరితో చదివించుకున్నాడు.

సభ అయ్యాక సార్ వేదిక దిగి నేరుగా నా దగ్గరికి వచ్చారు. చేతిలో కాగితం ఉంది. చుట్టూ చాలామంది ఉన్నారు.

"ఇదంతా ఎందుకు రాసినవ్?" అన్నారు.

"మొదటి లైన్లనే ఉన్నది సార్. నా దాంట్ల దేవులాడే పని లేదు."

ఆ మొదటి వాక్యం ఇది: ఈ బడి స్థలం ఏ ఒక్కరి పేరు మీదికీ పోకూడదని నేనిది రాస్తున్నాను.

ఆయన ఇంకేదో అనబోయి అమ్మను చూశారు. అమ్మ కుర్చీలోంచి లేవలేదు. నా ఎరుకలో ఆయన ఎదుట అమ్మ కూర్చుని ఉండటం అదే మొదటిసారి. మోకాళ్ళ నొప్పి వల్ల అని ఆమె తర్వాత చెప్పింది. నేను నమ్మలేదు, ఆమె కూడా నన్ను నమ్మించాలని చూడలేదు.

పది రోజులకు నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా పాఠశాల ఆవరణలో కరపత్రాలు పంచినందుకు సంజాయిషీ ఇవ్వమని. పంచింది గేటు బయట అని, అందులో ఉన్నది నిజమని, పహాణీ నకలు జతచేస్తున్నానని రాసిచ్చాను. నెల తిరక్కముందే కోదాడ అవతల ఒక బడికి డిప్యుటేషన్ ఆర్డరు వచ్చింది. పరిపాలనా సౌలభ్యం కోసం అని ఉంది అందులో. ఆ కాగితం ఎందుకు రాశారో తెలుసుకోవడానికి నాకు ఎవరి సాయమూ అవసరం పడలేదు.

విచారణకు మండల ఆఫీసు నుంచి మనుషులు వచ్చిన రోజు సెలవు పెట్టి ఊరికి పోయాను. సర్వేయరు కొలతలు వేశాడు. గుమాస్తా ముసలివాళ్ళ దగ్గర ఒక్కొక్కరిగా వాంగ్మూలం రాసుకున్నాడు. అమ్మ వంతు వచ్చింది. ఆమె చెప్పింది అతను రాశాడు, వేలిముద్ర వేయమని సిరాపెట్టె జరిపాడు. రాసింది చదవమని అమ్మ అడిగింది. అతను విసుక్కుంటూ చదివాడు. స్థలం చదును చేయుటలో సహకరించినట్లు తెలిపినారు అని ఉంది.

"సహకరించుడేంది సారూ? ఎవలు చేస్తుంటే సహకరించినం? మేమే చేసినం. గట్లనే రాయి," అన్నది అమ్మ.

రెండూ ఒకటేనని అతను నచ్చజెప్పబోయాడు. ఒకటే అయితే నా మాటే రాయమన్నది అమ్మ. వెనక నిలబడ్డ ముసలమ్మలు కూడా తమ కాగితాలు చదవమని అడగడం మొదలుపెట్టారు. ఆ మధ్యాహ్నం అతను అందరివీ మళ్ళీ రాయాల్సి వచ్చింది. అమ్మ ఎడమ బొటనవేలు సిరాలో ముంచి, తొందరేమీ లేకుండా, మూలకు కాకుండా, 'మేమే చేసినం' అన్న మాట ఎక్కడుందో నన్ను చూపించమని దాని పక్కనే అద్దింది.

కొన్ని నెలలకు ఆ దరఖాస్తు కొట్టేశారు. ఆ భూమి సర్కారుదని, పాఠశాల వినియోగంలో ఉన్నదని ఆర్డరు వచ్చింది. నాలుగు మూలలా హద్దురాళ్ళు పాతారు. సార్ కొడుకు పైఆఫీసుకు అప్పీలు పెట్టుకున్నాడని విన్నాను. పెట్టుకోనీ.

నేను మాత్రం ఇంకా కోదాడ వైపే పోతున్నాను. పొద్దున పోను గంటన్నర పైనే, సాయంత్రం రాను అంతే. ఈ మధ్య మా పాత హెడ్మాస్టరు గారు ఫోను చేశారు. రిటైరయ్యే లోపు నన్ను వెనక్కి రప్పించాలని ఆయనకు నిజంగానే ఉంది. ఒక చిన్న క్షమాపణ రాసిస్తే చాలు, పైన మాట్లాడాను అన్నారు. కష్టం కలగకుండా తనే రాసి వాట్సాప్‌లో పంపారు. మూడే వాక్యాలు. రెండో వాక్యంలో 'తెలియక చేసిన పొరపాటు' అని ఉంది.

బస్సు హుజూర్‌నగర్ దాటేదాకా దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆయన నా మంచి కోరే రాశారు, అందులో నాకు అనుమానం లేదు. ఆ కాగితం రేపు ఎవరి ఫైల్లోకి పోతుందో, ఏ అప్పీలుకు జతపడుతుందో కూడా నాకు కనపడుతున్నది. మీ మీద గౌరవం ఉంది సార్, నేను తెలిసే చేశాను అని జవాబు పంపి, ఫోను బ్యాగులో పెట్టుకున్నాను.